కార్డుంటే చాలట, పీహెచ్‌సీ ఎందుకట!

పీహెచ్‌సీల మీద, అంటే సర్కారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల మీద, ఈ మెసేజ్ రావడం ఈ వారంలో ఇది నాలుగోసారి. "పీహెచ్‌సీలు శుద్ధ దండగ. అన్నీ మూసేసి ఆ డబ్బుతో అందరికీ ఆరోగ్యశ్రీ కార్డులిస్తే కార్పొరేట్ వైద్యం గడప దాకా వస్తుంది. పది మందికి పంపండి." మొదట మా బావ పంపాడు. తర్వాత టెన్త్ బ్యాచ్ గ్రూపు. నిన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో, నీళ్ల ట్యాంకర్ రాలేదన్న మెసేజ్ కిందే.

వీళ్ల వాదనలు ఒక్కొక్కటీ చూద్దాం. "అమెరికాలో సర్కారు ఆస్పత్రులే లేవు." ఉన్నాయి. మాజీ సైనికుల కోసం అక్కడి ప్రభుత్వమే దేశమంతా నడుపుతోంది. తర్వాత?

"పీహెచ్‌సీకి ఎవరూ పోరు." పోయేవాళ్లు మన గ్రూపుల్లో లేరు, అంతే.

"ఏఎన్‌ఎంలు రిజిస్టర్లు నింపడానికే." బుధవారమో శనివారమో ఊళ్లోకెళ్లి చూడండి. ఏఎన్‌ఎం, అంటే ఊరూరా తిరిగే ఆరోగ్య నర్సు, ఐస్ ప్యాకులు పెట్టిన టీకాల పెట్టె భుజాన వేసుకుని, ఆరు వారాల పిల్లకు సూది ఎప్పుడో, పది వారాలకు ఎప్పుడో ఆ రిజిస్టర్ చూసే చెబుతుంది. ఏ కార్పొరేట్ ఆస్పత్రి ఆ పిల్లను వెతుక్కుంటూ వస్తుందో కాస్త చెప్పండి, నేనూ పది మందికి పంపుతాను.

"కార్డుంటే ఏ రోగమైనా ఫ్రీ." నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్లకు, పెద్ద జబ్బులకు. రోజూ వేసుకునే బీపీ మాత్ర దాని లెక్కలోకి రాదు. ఆ మాత్ర మానేస్తే ఏళ్ల తర్వాత కిడ్నీలు పోవచ్చు, అప్పుడు డయాలసిస్ మాత్రం లెక్కలోకి వస్తుంది! వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లను అడగండి. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఎవరికి మొదలైందో పట్టుకోవాలంటే ఊరూరా తిరిగి రక్తం తీసి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. ఆ పని కార్డు చేస్తుందా? పలాసలో 2023లో ప్రారంభించిన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి కూడా సర్కారుదే మహాప్రభో.

"డాక్టర్లు ఉండరు." ఇది మాత్రం నిజం, ఒప్పుకుంటా. మైదానంలో 30 వేల మందికి, ఏజెన్సీలో 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ అని లెక్క రాసుకున్నారు. భవనం లేస్తుంది, పోస్టు ఖాళీగా ఉంటుంది. రాత్రి ఏడింటికి జ్వరంతో వెళ్లి తాళం చూసి తిరిగొచ్చినవాణ్ణే నేనూ. అయితే పోస్టు నింపమని అడగాలి. బస్సు రాలేదని రోడ్డు తవ్వుకుంటామా?

ఇంకోటీ ఒప్పుకుంటా. మా నాన్నకు స్టెంట్ వేసింది ఆరోగ్యశ్రీ మీదే. ఆ కార్డు లేకపోతే అరెకరం అమ్మేవాళ్లం. కానీ అంతకు ముందు రెండేళ్లు "బాగానే ఉన్నాను కదరా" అంటూ బీపీ మాత్రలు మానేశాడాయన, అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు ఆశా కార్యకర్త గుమ్మం దగ్గర నిలబడి "మాత్ర వేసుకున్నావా పెద్దాయనా?" అని ఖాళీ అట్ట చూపించమంటుంది. నెలనెలా మాత్రలు పీహెచ్‌సీలోనే తెచ్చుకుంటున్నాడు.

బండి మీద తీసుకెళ్లేది మా బావే.