సరిగ్గా చెప్పావమ్మా, కూర్చో

వకీలు వృత్తిలో నేను మూడు కుర్చీలు మార్చాను. మొదటిది సొంత ప్రాక్టీసు. ప్రభుత్వం మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అలాంటివి కట్టలకొద్దీ పంపి, ఒక్కదానికీ జవాబు రానందుకు లోలోపల మురిసిపోయేవాణ్ని. రెండోది లా కాలేజీ. ప్రాక్టీసులో ఉన్న వకీలు రోజుకు మూడు గంటలకు మించి పాఠం చెప్పకూడదని 1979 నాటి నిబంధన. నోరు పాడైపోవడానికి ఆ మూడు గంటలూ చాలు. మూడోది జిల్లా కోర్టులో ప్రభుత్వ న్యాయవాది (జీపీ) పదవి. ఇన్నాళ్లూ ఎవరి ఇంటి మీద రాళ్లు రువ్వానో, ఆ ఇంటికే కాపలా!

కాపలాదారుగా నా చేతికొచ్చిన తొలి ఫైలు నాలుగు వేళ్ల మందం ఉంది. 30 రోజుల్లో వేయాల్సిన అప్పీలు 241వ రోజున వేశారు. 211 రోజుల జాప్యాన్ని మన్నించమని, కేసులకు గడువులు పెట్టే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద పిటిషన్. కారణమేమిటని నోట్ షీట్లు తిరగేశాను. 'పరిశీలించి పంపగలరు' అని ఒకరు, 'చర్చించండి' అని మరొకరు, 'చర్చించాము' అని మొదటివారు. ఆ చివరి రెండు ముక్కల మధ్య 46 రోజులు.

అవతలి వకీలుగా లేచింది నా పాత విద్యార్థిని. ముందు బెంచీలో కూర్చుని రెండు రంగుల సిరాతో నోట్సు రాసుకున్న పిల్ల. అక్కడే నాకు గుండె జారింది.

నేను 1987 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఎత్తుకున్నాను. ప్రతిరోజు జాప్యానికీ లెక్క చెప్పమని మరీ చాదస్తంగా పట్టుబట్టకూడదన్న తీర్పు అది. వాదన బాగానే నడిచింది. ఆ అమ్మాయి నెమ్మదిగా లేచి, 427 రోజులు ఆలస్యం చేసిన తపాలా శాఖను సుప్రీంకోర్టు 2012లో వెనక్కి పంపిన సంగతి చెప్పింది. ఫైలు బల్లలు దాటడం దానికదే కారణం కాదనీ, ప్రభుత్వానికి వేరే గడియారం ఉండదనీ, వరస తప్పకుండా, తడబడకుండా అప్పజెప్పింది. ఆ మాటలు, వాటి మధ్య విరామాలతో సహా, నావే.

ఇక నోరు నా మాట వినలేదు.

"సరిగ్గా చెప్పావమ్మా, కూర్చో" అన్నాను.

హాలంతా నిశ్శబ్దం. అమ్మాయి అలవాటు కొద్దీ కూర్చుంది కూడా. జడ్జిగారు కళ్లజోడు తీసి, "జీపీ గారూ, ప్రభుత్వం ఒప్పుకున్నట్టు రాసుకోమంటారా?" అన్నారు.

"నేను మెచ్చుకున్నది జవాబును సార్, వాదాన్ని కాదు" అన్నాను. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. జాప్యానికి కారణాలు తేదీలతో సహా రాసి మెరుగైన అఫిడవిట్ వేయమని జడ్జిగారు వాయిదా ఇచ్చారు. బయట వరండాలో ఆ అమ్మాయి, "సార్, మార్కులు ఎన్ని వేస్తారు?" అని అడిగి మరీ వెళ్లింది.

నా వెనకే కూర్చున్న శాఖ ఉద్యోగి మాత్రం నవ్వలేదు. జరిగిందంతా రాసి పైకి పంపాడు. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలంటూ నాకొక మెమో వచ్చింది. నా బల్ల మీదికి చేరేసరికి దాని తేదీకి యాభై రోజులు నిండాయి. ఇప్పుడు నా జాప్యాన్ని మన్నించమని అర్జీ రాస్తున్నాను. కారణం: ఫైలు కదలలేదు.