ట్రాలీలో బిడ్డ: పౌరులకు ఒక హెచ్చరిక

హన్మకొండ చాలా చూసింది. కాకతీయుల వైభవాన్ని చూసింది, 2016లో స్మార్ట్ సిటీ ప్రకటనను చూసింది, వానాకాలంలో కాలనీల మధ్య తిరిగే పడవలను కూడా చూసింది. దేనికీ చలించని ఈ నగరాన్ని ఇప్పుడు ఒక సైకిలు కలవరపెడుతోంది. తొక్కేది చదువుకున్న మనిషే. ఆ సైకిలు వెనుక రెండు చక్రాల మీద చిన్న గుడారం లాంటి ట్రాలీ. అందులో నెత్తిన హెల్మెట్, ఒంటికి బెల్టు పెట్టుకుని, బిస్కెట్టు తింటూ, మూడేళ్ల పిల్ల. సుబేదారి, నక్కలగుట్ట కాలనీల్లో ఉదయం పూట ఇది యథేచ్ఛగా సాగుతోంది. బాధ్యత గల పౌరుడిగా ఇక మౌనంగా ఉండలేను.

పిల్లలను బడికి చేర్చే విద్యలో మనకొక సంప్రదాయం ఉంది. తండ్రి స్కూటరు నడుపుతాడు. పెద్దవాడు ముందు నిలబడి అద్దం పట్టుకుంటాడు. రెండోది మధ్యలో ఇరుక్కుని, నాన్న చొక్కా తప్ప వేరే లోకం ఎరగకుండా పెరుగుతుంది. తల్లి వెనుక ఒక పక్కకు కూర్చుని, ఒక చేత్తో చంటివాణ్ణి, రెండో చేత్తో టిఫిన్ సంచిని పట్టుకుంటుంది. ఆమె దేన్ని పట్టుకుందో అడిగే సంస్కారహీనులు మనలో లేరు. మోటారు సైకిలైతే పిల్లవాడి ఆసనం పెట్రోలు ట్యాంకు. ఇక స్కూలు ఆటో సంగతి చెప్పనక్కరలేదు. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనుక బల్ల మీద లెక్కకు అందనంత మంది, బయట కొక్కేలకు పుస్తకాల సంచులు.

దీన్ని చెడగొట్టాలని కేంద్రం ప్రయత్నించకపోలేదు. 2022 ఫిబ్రవరిలో ఒక నిబంధన తెచ్చింది. మోటారు ద్విచక్ర వాహనం ఎక్కే 9 నెలల నుంచి 4 ఏళ్ల లోపు పిల్లలకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, అది సైకిలు హెల్మెట్ అయినా ఫరవాలేదు. నడిపేవారితో కలిపి కట్టే పట్టీ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ఏడాది గడువు ముగిసి 2023లో అది అమల్లోకి కూడా వచ్చింది. మనం దాన్ని ఎంతో గౌరవించాం. ఎక్కడా నలిగిపోకుండా గెజిట్‌లోనే భద్రంగా ఉంచాం.

అలాంటి ఊళ్లో ఈ ట్రాలీ చేసే పనులు చూడండి. భుజాల మీదుగా రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య నుంచి ఒకటి, మొత్తం ఐదు పట్టీలతో పిల్లను కూర్చోబెడుతుంది. చుట్టూ లోహపు చట్రం, ముందు జాలీ. సైకిలు వెనుక ఇరుసుకు ఎడమవైపు తగిలించే కీలు అటూ ఇటూ తిరిగేది కాబట్టి, సైకిలు పక్కకు ఒరిగి పడినా ట్రాలీ మామూలుగా నిలబడే ఉంటుందట. ఆ కీలు ఊడినా విడిపోకుండా ఫ్రేముకు చుట్టిన పట్టీ మరొకటి. ఇది కుటుంబ వ్యవస్థ మీద దాడి కాక మరేమిటి? మన పద్ధతిలో పడితే ఇంటిల్లిపాదీ కలిసి పడతాం. తండ్రి తారు మీద, బిడ్డ కుర్చీలో ఉండే ఏర్పాటు ఏ శాస్త్రంలో ఉంది?

ఈ మాట అంటే ట్రాలీ వాళ్లు మేడారం సంగతి తీస్తారు. సమ్మక్క సారలమ్మ జాతరకు మన తాతలు ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్లలేదా, పిల్లలు వెనుక గడ్డి మీద పడుకుని ప్రయాణించలేదా, లాగేది ముందు, కూర్చునేది వెనుక అన్న ఏర్పాటు అదే కదా అంటారు. తర్కం బాగానే ఉంది. కానీ ఎద్దుకు ఉద్యోగం లేదు. తోటి ఎద్దులు "ఏమైంది, స్కూటరు అమ్ముకున్నావా?" అని దాన్ని అడగవు.

ట్రాలీ కొన్నాక మందలించి లాభం లేదు. ఈ ధోరణిని సైకిలు దుకాణంలోనే పసిగట్టాలి. గౌరవనీయుడైన తండ్రి దుకాణంలోకి వచ్చాడంటే నేరుగా ముందు వరుస దగ్గరికి వెళ్తాడు. అక్కడి సైకిలుకు ముందొక స్ప్రింగు, సీటు కింద ఇంకొక స్ప్రింగు, ట్రాక్టరు కావాలని కలలు కంటున్న టైర్లు, పులి గీరినట్టు స్టిక్కర్లు. మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు, చెయిన్ కవరు లేదు. కొన్నాళ్లు తొక్కి బాల్కనీలో నిలబెడితే హ్యాండిలు వెడల్పు మీద తువ్వాళ్లు చక్కగా ఆరతాయి. సమాజానికి ఇతనితో ప్రమాదం లేదు.

అనుమానితుడు ఆ వరుసను దాటి వెనక్కి వెళ్తాడు. సీటు కింద స్ప్రింగు ఉంటే తొక్కిన బలంలో కొంత దాన్ని ఊపడానికే పోతుందని, వెనుక ఇరుసు కదిలితే దానికి తగిలించిన ట్రాలీ కూడా ఎగురుతుందని గొణుగుతాడు. కార్బన్ ఫ్రేము చూపిస్తే, ట్రాలీ లాగడానికి తయారీదారు ఒప్పుకున్నట్టు కాగితం ఉందా అంటాడు. చివరికి అందరూ నామోషీగా చూసే మామూలు ఉక్కు ఫ్రేము దగ్గర మోకాళ్ల మీద కూర్చుంటాడు. ఇరుసుకు నట్లున్నాయా, లివరు తిప్పి చక్రం తీసేదా, ఫ్రేములోకే మరతో బిగించేదా అని అడుగుతాడు. మూడింటికీ ట్రాలీ కొక్కెం తగిలించే తీరు వేరు. మూడో రకమైతే దాని పొడవుకూ మర కొలతకూ సరిపోయే వేరే ఇరుసే కొనుక్కోవాలి. దుకాణాల్లో రంగు గురించి అడుగుతారు, ఫైనాన్సు గురించి అడుగుతారు. ఇరుసు గురించి అడిగే మనిషి కనిపిస్తే వెంటనే ఇంటి పెద్దలకు కబురు చేయడం ఉత్తమం.

అసలు లక్షణం గేర్ల దగ్గర బయటపడుతుంది. పెద్దమనుషులు గేర్లు ఎన్ని అని అడుగుతారు. 21 అంటే 18 కన్నా మంచిదని, 24 అంటే ఇంకా మంచిదని వారికి తెలుసు. అనుమానితుడు చెయిన్ తిరిగే చక్రాల పళ్లు లెక్కపెడతాడు. మన పాత నల్ల సైకిలుకు ముందు 44 పళ్లు, వెనుక 18. 28 అంగుళాల చక్రంతో పెడలు ఒక్క చుట్టు తొక్కితే దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. చదును రోడ్డు మీద అది హాయి. ముందు 28, వెనుక 32 పళ్లున్న గేరు వేస్తే అదే చుట్టుకు రెండు మీటర్లు కూడా పోదు. వినడానికి అవమానంగా ఉన్నా, మోకాళ్లను కాపాడేది ఈ రెండో లెక్కే.

బిల్లు వెనుక అతను వేసే కూడిక చూడండి. తను 65 కిలోలు, సైకిలు 16, ట్రాలీ 12, పిల్ల 14, సంచి 3, వెరసి 110. నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచే వంతెనను గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే ఎత్తు ఎక్కడానికే 150 వాట్లు కావాలి. గాలి, రోడ్డు రాపిడి అదనం. సగం వేగంతో వెళ్తే సగం చాలు. అందుకే చిన్న గేరు కావాలంటాడు. ఇంత లెక్క పెట్రోలు బంకులో వేసినవారు ఎవరైనా ఉన్నారా?

ఇతని కన్నా ప్రమాదకారి మోటారు సాయం ఉన్న సైకిలు కొనేవాడు. మోటారు 250 వాట్ల కన్నా తక్కువ, వేగం 25 కిలోమీటర్ల కన్నా తక్కువ ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనంగానే చూడదు. లైసెన్సు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. కాజీపేట వంతెన మీద చెమట పట్టని సైకిలిస్టు కనిపిస్తే నడుస్తున్న పాదచారుల మనోభావాలు ఏమి కావాలి?

బ్రేకుల విషయంలోనూ అంతే. పిల్లల ట్రాలీలకు మామూలుగా సొంత బ్రేకులు ఉండవు. దిగుడులో ఆ బరువు వెనుక నుంచి నెడుతుంది. కడ్డీలతో లాగే పాత బ్రేకులు వానలో పట్టే లోపు వంతెన అయిపోతుంది. అందుకని డిస్క్ బ్రేకులు కావాలంటారు. మడ్‌గార్డు మాత్రం పొడవుగా, చివర రబ్బరు ముక్కతో ఉండాలట, లేకపోతే వెనుక చక్రం చిమ్మే బురద సూటిగా పిల్ల ముఖాన పడుతుందట. మన ఆటోలు, బస్సులు ఆ సేవ ఉచితంగా చేస్తూ ఉండగా సైకిలు బురద ఒక్కదాన్నే ఆపడంలో ఔచిత్యం నాకు బోధపడలేదు.

ట్రాలీ వెడల్పు సుమారు 80 సెంటీమీటర్లు, అంటే హ్యాండిలు కన్నా ఎక్కువ. ముందు చక్రం తప్పించుకున్న గుంతలో ట్రాలీ చక్రం పడుతుంది. మలుపులో అది సైకిలు దారిన కాక లోపలి దారిన వస్తుంది. వేగంగా తిరుగుతూ ఒక చక్రం గట్టు మీదికి ఎక్కితే బోల్తా కొడుతుంది. స్పీడ్ బ్రేకరును వంకరగా కాక సూటిగా, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా, మెల్లగా దాటాలి. మన స్పీడ్ బ్రేకర్లు ఎవరి ఇంటి ముందు వారు పోయించుకున్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క ఎత్తు. వాటిని సూటిగా దాటడమంటే ఆ ఇంటివారి స్వేచ్ఛను ప్రశ్నించడమే.

న్యాయంగా ఒక్క విషయం ఒప్పుకోవాలి. గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ రోడ్డు మీదికి వీళ్లు రారు. ట్రాలీకి పొడవాటి కర్ర, నారింజ జెండా ఉన్నా, లారీ డ్రైవరు కంటికి అది ఆనడం కష్టమని వాళ్లకూ తెలుసు. కాలనీల లోపలి దారులు వెతుక్కుంటారు. ఏడాది నిండి, హెల్మెట్ బరువుతో మెడ నిలిపి కూర్చోగలిగే దాకా పిల్లను ఎక్కించరు. హెల్మెట్ వెనుక భాగం తలను ముందుకు నెట్టకుండా సీటులో ఖాళీ ఉందో లేదో కూడా చూస్తారు. మేలో మన ఎండకు వాన కవరు దించితే లోపల ఉడికిపోతుందని జాలీ మాత్రమే వేసి, పొద్దెక్కక ముందే తిరిగి వస్తారు. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ వైపు వెళ్లరు, ఎందుకంటే ఆ ఘాటును ఏ జాలీ ఆపలేదు. ఇంత ముందుచూపు ఉన్నవాళ్లు మన మధ్య ఉండటం ఎంత ఇబ్బందికరమో మీరే ఆలోచించండి.

దేశం మాత్రం సరైన దారిలోనే ఉంది. జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ఐక్యరాజ్య సమితి 2018లో ప్రకటిస్తే, 2020లో సరిగ్గా అదే రోజున అట్లాస్ సైకిళ్ల కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో తెరిచారు. అక్కడికి సైకిలును కారు మీద కట్టుకుని వెళ్లడం మర్యాద. 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి దించినప్పుడు నా గుండె జారింది. అదే రోజు 350 సీసీ వరకు ఉన్న బైకుల మీద 28 నుంచి 18కి దించి, పెద్ద తగ్గింపు ఎవరికి దక్కాలో వారికే దక్కించారు కాబట్టి కుదుటపడ్డాను.

అయినా నిర్లక్ష్యం కూడదు. ముఖ్యంగా కార్పొరేటర్లకు ఒక మాట. స్కూటరు మీద అమ్మానాన్నల మధ్య ఇరుక్కుని పెరిగిన పిల్ల మీ రోడ్డును ఎన్నడూ చూడలేదు, మీకు ఆమెతో పేచీ లేదు. ట్రాలీలోని పిల్ల గంటకు 12 కిలోమీటర్ల వేగంతో, నేలకు అంత దగ్గరగా, ప్రతి గుంతనూ స్వయంగా అనుభవిస్తూ వెళ్తోంది. ప్రతి మ్యాన్‌హోలు మూత దగ్గరా "ఇది ఎందుకు ఇంత పైకి ఉంది నాన్నా?" అని అడుగుతోంది. ఆమెకు మరో పదిహేనేళ్లలో ఓటు వస్తుంది. అంతలోగా రోడ్లు బాగుచేయడం ఎలాగూ జరిగే పని కాదు కనుక, ట్రాలీలనైనా నిషేధిస్తూ వచ్చే సమావేశంలోనే తీర్మానం చేయవలసిందిగా ప్రార్థన.