సార్ట్ గారికి, నూటికి నూరు తెచ్చుకున్నవాడి తరఫున

మహారాజశ్రీ జావాస్క్రిప్ట్ సార్ట్ గారికి నమస్కరించి రాయునది.

జావాస్క్రిప్ట్ ప్రోగ్రాముల్లో లిస్టుల్ని వరసలో పెట్టే ఉద్యోగం మీదే కదా, మొన్న మీకో చిన్న పని అప్పజెప్పాను. నాలుగు క్విజ్ స్కోర్లు: 85, 92, 78, 100. మీరు వరసలో పెట్టారు, పెద్దది పైకి రావాలని నేను రివర్స్ చేశాను. వచ్చింది ఇదీ: 92, 85, 78, 100.

నూటికి నూరు తెచ్చుకున్నవాడు అట్టడుగున! స్క్రీన్‌షాట్ తీసి పంపాడు పాపం. కింద ఒక్క ప్రశ్నార్థకం, అంతే. మూడంకెలు తెచ్చుకోవడమే నువ్వు చేసిన నేరం నాయనా అని ఎలా చెప్పను?

తర్వాత తెలిసింది మీ పద్ధతి. అంకెలిచ్చినా సరే, ముందు వాటిని స్ట్రింగులు, అంటే ఉత్త అక్షరాల వరసలు, చేసేసి, నిఘంటువులో మాటల్లా ఎడమ నుంచి ఒక్కో గుర్తునూ పోలుస్తారట. 100లో మొదటిది 1, 78లో మొదటిది 7. ఏడు కన్నా ఒకటి చిన్నది, కేసు క్లోజ్. వెనకున్న రెండు సున్నాల వైపు కన్నెత్తి కూడా చూడరు. 5, 25, 100 మీ చేతికిస్తే 100, 25, 5 అని తిరగేసి ఇస్తారు. ఇదేం బగ్ కాదు, భాష నియమావళి అయిన స్టాండర్డ్‌లో రాసిపెట్టే ఉంది. ఒకే అర్రేలో (లిస్టులో) అంకె, పేరు, ఇంకేదైనా ఉండొచ్చు కాబట్టి అందరికీ ఒకే తూకం అంటారు. సరే, ఒప్పుకున్నాను.

నా మంట అది కాదు. ఇన్నాళ్లూ బుద్ధిమంతుడిలా నటించారు చూడండి, అదీ! టెస్టులో 3, 1, 2 ఇచ్చాను, సరిగ్గా పెట్టారు. డెమోలో అందరివీ రెండంకెల స్కోర్లే, చప్పట్లు కొట్టించుకున్నారు. అన్నీ ఒకే పొడుగుంటే మీలో లోపం పట్టడం ఎవరి తరం?

అంకెలు మాత్రమే పట్టే మీ దాయాది టైప్డ్ అర్రే అడక్కుండానే అంకెల్ని అంకెల్లా చూస్తాడు. 2023లో పుట్టిన మీ తమ్ముడు టూసార్టెడ్, మీలా అసలు అర్రేని కెలక్కుండా కాపీ ఇస్తాడంటే ఆశపడ్డాను. 100నీ 78నీ ఇచ్చి చూశాను. అన్న పోలికే! సమాన స్కోర్లవాళ్ల పాత వరస చెదరగొట్టనని మీ చేత మాట ఇప్పించడానికే 2019 దాకా పట్టింది, ఇక అతన్ని అని ఏం లాభం?

ఇప్పుడు ఎక్కడ మిమ్మల్ని పిలిచినా పక్కన 'ఎ మైనస్ బి' అని, తీసివేసి చూసి ఏది పెద్దదో చెప్పే ఒక ఫంక్షన్‌ని కాపలా పెడుతున్నాను. నూరు మార్కులవాడు పైకెక్కాడు.

ఇట్లు,
మీ నిత్య బాధితుడు

తా.క.: ఎక్కాడనే అనుకున్నాను. క్విజ్ రాయనివాడి స్కోరు అన్‌డిఫైన్డ్, అంటే విలువే లేదు. వాణ్ని మీరు నా కాపలావాణ్ని అడక్కుండానే చివర కూర్చోబెట్టారు. అలవాటు చొప్పున నేను రివర్స్ చేశాను. ఫస్ట్ ర్యాంకు వాడిదే.