తొమ్మిది రెక్కల బొకే

మా అన్నయ్య ఫొటోగ్రఫీ క్లాసులో చేరాడు. అప్పట్నుంచి వదినతో మాట్లాడేటప్పుడు కూడా ఒక కన్ను మూసుకునే మాట్లాడుతున్నాడు. ఆ రోజు నేను హాల్లో పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. చదవడానికి కాదు.

"ఈ లెన్స్‌తో లాభం లేదే," అన్నాడు అన్నయ్య.

"ఏది? కెమెరాతో వచ్చిందా, పోయిన నెల కొన్నదా?"

"రెండూ. చవక సరుకు. 1.4 లెన్స్ కొంటే తప్ప నా ఫొటోలు బాగుపడవు."

"పోయిన నెల 1.8 కొంటే తప్ప బాగుపడవన్నారు. అంకె తగ్గుతోంది, ధర పెరుగుతోంది. ఇదెక్కడి లెక్కండీ?"

"అంకె తగ్గితే లోపల కన్నం పెద్దదవుతుంది."

"ఆ కన్నం ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. సరే, 1.8 కంటే దాంట్లో వెలుతురు ఎన్ని రెట్లు ఎక్కువ?"

"ఒకటిన్నర రెట్లకి... కొంచెం పైన."

"మరి ధర?"

అన్నయ్య లెన్స్ మూత తుడవడం మొదలుపెట్టాడు. తుడిచి తుడిచి, "కార్టియర్ బ్రెసాన్ అంతటి ఫ్రెంచి ఫొటోగ్రాఫరే చాలా మటుకు 50 ఎం.ఎం. లెన్స్‌తోనే తీశాడు, తెలుసా?" అన్నాడు.

"కెమెరాతో వచ్చిన దాని మీద 18-55 అని రాసుంది. యాభై ఆ మధ్యలో రాదా?"

నేను పేపర్ వెనక చప్పట్లు కొట్టబోయి ఆగాను.

"వస్తుంది. కానీ యాభై దగ్గర దాని కన్నం 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. 1.8లో దానికి దాదాపు పది రెట్ల వెలుతురు. అందుకే కదా రెండోది కొన్నది!"

"కొన్నారుగా, మూడోది దేనికి? నేర్చుకునేవాళ్ళకి ఇవి చాలని మీ సారే చెప్పారట."

"సారుకేం, ఆయన చెయ్యి వణకదు. మొన్న నీ ఫొటో ఎలా వచ్చిందో చూశావుగా?"

"చూశాను. ముక్కు ముందొచ్చింది, నేను తర్వాత వచ్చాను. 18లో పెట్టి మీద మీదకొచ్చి తీస్తే ఎవరి ముక్కైనా అంతే. నాలుగడుగులు వెనక్కి వెళ్ళండంటే విన్నారా? నిన్న రాత్రి షట్టర్ సెకనులో పదిహేనో వంతు తెరిచుండేలా పెట్టి చేత్తో పట్టుకుని తీసి, బొమ్మ ఊగిందని పాపం లెన్స్‌ని తిట్టారు. పగటి వెలుతురులో 5.6 పెట్టి తీసిన చంటోడి ఫొటోలో కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అది చవక లెన్స్ కాదూ?"

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"మీ నోట్సు. మీరు రాసుకుంటారు, నేను చదువుతాను."

అన్నయ్య దగ్గర ఇక ఒకే ఒక్క అస్త్రం మిగిలింది. "అది కాదే, దీంట్లో బొకే సరిగ్గా రావట్లేదు."

వదిన మడతపెడుతున్న దుప్పటి సగంలో ఆగిపోయింది.

"ఆ మాట మీరే ఎత్తారు, మంచిది. 'ఈ లెన్స్ కొననివ్వు, నీకు బొకే గ్యారంటీ' అన్నారా లేదా?"

"అన్నాను. రోజూ వస్తూనే ఉందిగా."

"రోజూనా! ఎక్కడ?"

"నీ వెనకాలే."

వదిన వెనక్కి తిరిగి చూసింది. గోడ.

"అలా చూస్తే కనబడదు. ఫొటోలోనే కనబడుతుంది. కాకపోతే ఈ చవకదానికి ఏడు రెక్కలే. నేను చూసిన దానికి తొమ్మిది."

"రెక్కలు లెక్కపెట్టి ఇస్తారా ఎవరైనా?"

"లెక్కపెట్టాలి మరి. రెక్కలు తక్కువైతే కన్నం కాస్త మూయగానే మూలలు తేలతాయి. బొకే అంటే గుండ్రంగా ఉండాలి."

"నేను గుండ్రంగా కావాలన్నానా? మూలలున్నా పుచ్చుకునేదాన్ని కదండీ! ఎనిమిదేళ్ళకి మీ నోట మొదటిసారి ఆ మాట వచ్చింది కదా అని, నెల రోజులుగా తలుపు చప్పుడైతే చాలు, నేనే పరిగెత్తుకెళ్ళి తీస్తున్నాను."

గొంతు కాస్త తడబడింది. అన్నయ్యకి అప్పటికీ వెలగలేదు.

"తలుపుకీ దానికీ ఏం సంబంధం? బొకే బాగా రావాలంటే నువ్వు తలుపుకి దూరంగా, నాకు బాగా దగ్గరగా ఉండాలి."

"సిగ్గు లేకపోతే సరి. అక్కడ మీ తమ్ముడున్నాడు."

పేపర్ దించక తప్పలేదు. "వదినా, అన్నయ్య అంటున్నది పూల బొకే కాదు. ఫొటోలో వెనకాల వచ్చే మసక. జపాను మాట. రెక్కలంటే లెన్స్ లోపల ఆ కన్నాన్ని మూసే రేకులు."

వదిన నావైపు చూసింది, తర్వాత అన్నయ్య వైపు.

"మసకా? నెల రోజులు నేను ఎదురుచూసింది మసక కోసమా?"

"జపానులో ఆ మాటకి మతి సరిగ్గా లేకపోవడం అని కూడా అర్థముంది," అన్నాను, ఊరుకోలేక.

"అది ముందే చెప్పుంటే, ఆయన గ్యారంటీ ఇచ్చింది దేనికో అప్పుడే తెలిసేది."

1.4 ఊసు మళ్ళీ రాలేదు. మర్నాడు సాయంత్రం అన్నయ్య నిజం బొకే ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, ఎవరు తెచ్చారో తెలియనట్టు నిలబడ్డాడు. వదిన చూడనట్టే చూసి, "రెక్కలు లెక్కపెట్టారా?" అంది.

ఆయన వెంటనే ఆ చవక లెన్సే బిగించి, కుర్చీ లాక్కుని, బొకేకి మూరెడు దూరంలో కూర్చుని నొక్కాడు. కెమెరా తెచ్చి చూపించాడు. ముందు ఒకే ఒక్క గులాబి, రెక్క అంచున నీటిబొట్టుతో సహా స్పష్టంగా ఉంది. పక్కనున్న పువ్వే కరిగిపోయింది. ఇంకా వెనక, గుమ్మం దగ్గర, ఏదో పసుపు మరక.

"చూశావా! ఈ లెన్స్‌తోనే ఎంత బాగా వచ్చిందో!"

వదిన ఆ పసుపు మరక మీద వేలు పెట్టింది.

"ఇది నేనే కదూ? బొకే తెచ్చారు, సంతోషం. నన్నెందుకు బొకే చేశారు?"