వాటర్ ప్యాకెట్ మూలముక్క గారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం ఆర్కే బీచ్ ఇసుకలో స్థిరపడిపోయిన వాటర్ ప్యాకెట్ మూలముక్క గారికి,

నమస్కారమండీ. మీ పుట్టుక నేను చాలాసార్లు కళ్ళారా చూశాను. మురీ మిక్చర్ తిని నోరు మండిపోతున్నవాడు ఓ ప్యాకెట్ కొంటాడు, జేబులో కత్తెర ఎవడికీ ఉండదు కదా, ప్యాకెట్ మూలని పంటితో కొరికి ఆ ముక్కని తుపుక్కున పక్కకి ఉమ్ముతాడు, అంతే, మీరు వచ్చేస్తారు. బుద్ధిమంతుడైతే తాగేశాక ఖాళీ ప్యాకెట్ పట్టుకుని డస్ట్‌బిన్ దాకా నడుస్తాడు, అందులో వేసి ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూస్తాడు కూడా. ఉమ్మేసిన మీ సంగతి మాత్రం వాడికి గుర్తే ఉండదు.

మీ తెలివంతా ఆ సైజులోనే ఉంది. సీసాగా పుట్టుంటే ఎవరో ఒకరు ఏరుకెళ్ళి పాత సామాన్ల కొట్లో వేసి నాలుగు డబ్బులు తెచ్చుకునేవారు. మిమ్మల్ని ఏరితే నడుం నొప్పి తప్ప ఏమొస్తుంది? పొద్దున్నే ఊడ్చేవాళ్ళ చీపురుకి దొరకరు, ఇసుక జల్లించే యంత్రం వస్తే ఇసుకతో పాటే కంతల్లోంచి కిందికి జారిపోతారు. 2022 ఆగస్టు 26న వేలమంది దిగి ఇక్కడి తీరంలో 76 టన్నుల ప్లాస్టిక్ ఎత్తారని లెక్క చెప్పారు. పెద్ద పనే, కాదనను. కానీ ఆ తూకంలో మీవాళ్ళు ఎంతమంది ఉన్నారంటారు?

చట్టం దగ్గర కూడా మీ అదృష్టం మామూలుది కాదు. అదే ఏడాది జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో ఇయర్ బడ్స్ పుల్ల ఉంది, బెలూన్ పుల్ల ఉంది, ఐస్‌క్రీం పుల్ల ఉంది, మిఠాయి డబ్బా మీద చుట్టే పల్చటి పొర కూడా ఉంది, మీ అమ్మగారు వాటర్ ప్యాకెట్ మాత్రం లేరు. పుల్లల మీద అంత పగ ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

ఇక మీ భవిష్యత్తు. సముద్రం అడుక్కి చేరుంటే ఆ చలిలో, చీకట్లో ఏళ్ళ తరబడి అలాగే పడి ఉండేవారు. ఒడ్డున అలా కాదు, పైన ఎండ, కింద కాలే ఇసుక, ఆ మీదట మా కాళ్ళు, త్వరగా పెళుసెక్కి చిట్లిపోతారు, ఐదు మిల్లీమీటర్ల లోపుకి దిగారంటే మైక్రోప్లాస్టిక్‌గా ప్రమోషన్ వచ్చేసినట్టే. 2004లో రిచర్డ్ థాంప్సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త బృందం ఆ పేరుని లోకానికి ఎక్కించింది. అప్పుడు మిమ్మల్ని పట్టుకోవాలంటే ఇసుకని చిక్కటి ఉప్పునీళ్ళలో కలపాలి, తేలినవి వడకట్టాలి, మైక్రోస్కోప్ కింద పెట్టి ఒక్కొక్కటీ చూడాలి. ల్యాబులో గుప్పెడు ఇసుకకి ఇది సరే, బీచ్ మొత్తాన్ని అలా కడిగేదెవరు? అంటే కాస్త కంటికి ఆనుతున్నప్పుడే ఏరాలి, అప్పుడేమో చిన్నముక్కే కదా అని వదిలేస్తాం.

అన్నట్టు మీ పక్కింటివాళ్ళు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు. ఏటా జనవరి నుంచి వస్తాయి, రాత్రిపూట ఇసుక తవ్వి గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. వాటి గుడ్లకి అటవీశాఖ వాళ్ళు కంచె కట్టి కాపలా కాయాల్సి వస్తుంది. మీకు ఆ అవసరం కూడా లేదు.

ఈ ఆదివారం మా కాలనీ వాళ్ళం క్లీనప్‌కి వస్తున్నాం. ఫ్లెక్సీ ప్రింటింగ్‌కి ఇచ్చేశారు. వచ్చినవాళ్ళకి టిఫిన్, దాంతో మనిషికి రెండేసి వాటర్ ప్యాకెట్లు అని గ్రూపులో పెట్టారు, కాబట్టి బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మీవాళ్ళకి కాస్త చోటు చూసి ఉంచండి.

ఇట్లు,
బీచ్ రోడ్డులో రోజూ నడిచేవాడు