మహారాజశ్రీ ఎన్‌సీ థిన్నర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ థిన్నర్ గారి దివ్యసముఖానికి,

షెడ్డులో స్ప్రే గన్ను, కంప్రెసరు, కుంచెలు అన్నీ క్షేమం. జీపు డాష్‌బోర్డు మీద గేరు ఎటు వెయ్యాలో చూపించే ఇత్తడి రేకు, అదే గేర్ల పలక, ఒక్కటే క్షేమంగా లేదు. అందుకని ‘ఉభయకుశలోపరి’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

రంగుని పల్చన చేసే ద్రావకం మీరు, మీ పరాక్రమం మాకు తెలియనిదా? ఎన్నేళ్ల కిందట ఎండిన ఎన్‌సీ రంగైనా, అంటే నైట్రోసెల్యులోజ్ లక్కరైనా, మీ గుడ్డ తగిలితే మళ్లీ కరిగి కారాల్సిందే. గన్ను కడగాలంటే మిమ్మల్ని మించినవాళ్లు లేరు. పేచీ అంతా అక్షరాల దగ్గర మీరు పిలవని పేరంటానికి వచ్చినప్పుడే.

పని ఎంత చెప్పండి? పలకలో చెక్కిన అక్షరాల్లో తెలుపు రాలిపోయింది, చుట్టూ నలుపు బాగానే ఉంది. గాడుల్లో తెల్ల ఎనామిల్ నింపాలి, పైన అంటిన మిగులు తుడవాలి. ‘తుడవాలి’ అన్న మాట చెవిన పడగానే మీరు మూత తీసుకుని లేస్తారు. ఒక్క తుడుపు. మిగులు పోయింది, గాడిలోది పోయింది, పలక నలుపు కూడా గుడ్డకెక్కింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే.

ఆ పని మీ చిన్నాన్నగారబ్బాయి మినరల్ టర్పెంటైన్‌ది. మెతక మనిషి. తడి ఎనామిల్‌ని మర్యాదగా తీస్తాడు, గాలి తగిలి పూర్తిగా గట్టిపడిన ఎనామిల్ జోలికి మాత్రం పోడు. ఎనామిల్ ఆక్సిజన్ పీల్చుకుని లోపల అల్లుకుపోతుంది, ఆ అల్లిక విప్పడం అతనికి చేతకాదు. ఆ చేతకానితనమే మాకు కావాలి. మీకేమో అన్నీ చేతనవును, అదే వచ్చిన చిక్కు.

మీకు ఓపిక లేదని తెలుసు, అయినా వరస చెబుతాం, వినండి. ముందు సబ్బునీళ్లు, పాత టూత్ బ్రష్. గాడిలో మిగిలిన పాత రంగుని వెదురుపుల్లతో గీకాలి. సూది పెడితే ఇత్తడి మీద గీత పడుతుంది, ఆ గీతలో కూడా తెలుపు దిగి అక్షరానికి తోక మొలుస్తుంది. డాష్‌బోర్డు పాలిష్‌లోని సిలికాన్ మిగిలితే కొత్త రంగు నిలవదు, గుండ్రంగా విచ్చుకుని కింది లోహం కళ్లు తెరిచి చూస్తుంది. తర్వాత పలక వెనక అంచున దూదిపుల్లని టర్పెంటైన్‌లో ముంచి పదిసార్లు రుద్దాలి. పుల్లకి నలుపు అంటకపోతేనే ముందుకెళ్లాలి.

ఎనామిల్ ఒక్క మిల్లీలీటరు చాలు. డబ్బా అడుగుదాకా కలిపి, సున్నా నంబరు కుంచెతో గాడి నిండి కొంచెం ఉబ్బేలా పెట్టాలి, ఎండితే కుంగుతుంది కాబట్టి. లోతు గాడికి రెండు పూతలు వెయ్యాలి. ఒకేసారి పోస్తే పైన మీగడ కట్టి, లోపల పచ్చిగా ఉండి, చివరికి ముడతలు పడుతుంది.

అసలు కిటుకంతా తుడవడంలో ఉంది. పదిహేను ఇరవై నిమిషాలు ఆగాలి. పాత ఏటీఎం కార్డుకి బనియన్ గుడ్డ బిగుతుగా చుట్టి, రెండు చుక్కల టర్పెంటైన్ వేసి, పిండి, అక్షరాలకి ఐమూలగా ఒకే దిక్కుకి లాగాలి. ప్రతి లాగుడికీ గుడ్డ జరపాలి. కార్డెందుకంటే, వేలితో తుడిస్తే మెత్తటి కండ గాడిలోకి దిగి రంగుని తోడుకొస్తుంది. గుడ్డ కారేలా తడిపినా అంతే, అంచుల్లోంచి పాకి తెలుపంతా బూడిదరంగుకి తిరుగుతుంది. ఆ తర్వాత ఇరవై నాలుగు గంటలు ఎవరూ తాకకూడదు.

ఉబ్బెత్తు అక్షరాలది ఇంకో లోకం. ఇంజను నెత్తిన మూతలా ఉండే పోత అల్యూమినియం రాకర్ కవరు మీద అక్షరం నెత్తి చదునుగా ఉంటుంది. గాజుపలక మీద రంగుని పల్చగా పరిచి, చిన్న గట్టి రోలరుని దాని మీద దొర్లించి, అక్షరాల నెత్తిన తగిలీ తగలనట్టు పోనివ్వాలి. రోలరుకి రంగెక్కువైతే ‘ఓ’ కడుపు పూడిపోతుంది. రేకులో ఒత్తిన అక్షరాలకి ఈ ఉపాయం పారదు. 1945 నుంచి 1949 దాకా అమెరికాలోని టొలీడోలో తయారైన సీజే-2ఏ జీపుకి బానెట్ పక్కల, వెనక తలుపు మీద ‘విల్లీస్’ అని ఒత్తి పంపారు. ఆ అక్షరాల భుజాలు గుండ్రంగా జారుతాయి, రోలరుకి అంచెక్కడో తెలీదు. అక్కడ చేతి కుంచే గతి. భుజం వంపు మొదలయ్యే చోటే గీత ఆపాలి.

మీరు తుడుపు దగ్గరే ఆగితే బాగుండు. సరిగా ఆరని ఎనామిల్ మీద ఎన్‌సీ లక్కర్ కొడితే, అందులోంచి మీరు కిందికి దిగి పాత రంగుని ఎండు ఖర్జూరంలా ముడుస్తారు. కాకినాడలోనో విశాఖలోనో వానాకాలం పూట మీరు గబగబా ఆవిరైతే ఆ చలవకి గాలిలోని తేమ రంగు మీద చేరి నల్ల పలక పాలు పోసినట్టు తెల్లబడుతుంది. తెలుపు కావాల్సింది అక్షరానికండీ, పలకకి కాదు!

ఒక్క చోట మాత్రం మీ అవసరం పడుతుంది. ఉత్సాహవంతుడెవరో అన్ని అక్షరాలతోపాటు ఛాసిస్ నంబరులో కూడా రంగు నింపేస్తాడు. ఆర్టీవో ఆఫీసు కాగితాలకి దాని మీద పెన్సిల్ రుద్ది ప్రింట్ తియ్యాలి కదా, గాడి పూడితే అంకె పడదు. అప్పుడు దూదిపుల్లకంటినంత మిమ్మల్నే పిలుస్తాం. నీటికాగితం, అంటే తడిపి వాడే గరుకు కాగితం, పెట్టి రుద్దితే అంకె అరిగి, దిద్దారేమోనన్న అనుమానం మొదలవుతుంది.

అందాకా గన్ను పక్కనే విశ్రాంతి తీసుకోండి.

ఇట్లు,
గేర్ల పలక మీద మిగిలిన అక్షరాలు

తా.క.: మీరూ టర్పెంటైనూ చూడ్డానికి ఒకే నీళ్లలా ఉంటారని మీ డబ్బా మీద మార్కర్‌తో మీ పేరు రాయించాం. మూత దగ్గర ఒక్క చుక్క కారి దాన్నీ తుడిచేశారు. ఈసారి రేకు మీద మేకుతో గీకించాం. అందులో రంగు నింపే ఉద్దేశం ఎవరికీ లేదు.