తైకో వయసు పెంచి చెప్పడం ఎందుకు?

జపాన్ డ్రమ్ములైన తైకో వాయించే బృందం వేదికెక్కితే చాలు, వ్యాఖ్యాత నోట ‘వేల ఏళ్ల జపాన్ సంప్రదాయం’ అన్న మాట వచ్చేస్తుంది. తలకు కట్టిన గుడ్డలు, ఒక్కసారే లేచే చేతులు చూశాక ఎవరైనా నమ్మేస్తారు. కానీ జపాన్ వాళ్లు కుమిదైకో అని పిలిచే ఈ బృంద వాద్యం పుట్టింది 1951లో. పుట్టించింది ఒక జాజ్ డ్రమ్మర్.

నగానో ప్రాంతంలోని సువా ఆలయానికి చెందిన పాత తాళాల ప్రతి ఒకటి ఆ డ్రమ్మర్ దైహాచి ఒగుచి చేతికొచ్చింది. ఉన్నదున్నట్టు వాయిస్తే ఆయనకు చప్పగా అనిపించింది. డ్రమ్ సెట్ ముందు ఒక్కడు కాళ్లతో, చేతులతో చేసే పనిని పదిమందికి పంచాడు. బిగుతైన చిన్న షిమె-దైకో లయ నిలబెడుతుంది, నగాడో-దైకో దాని మీద ఆడుకుంటుంది, పెద్ద ఓదైకో అడుగున గుమ్ముమంటుంది. ఆ తర్వాత 1969లో సాదో దీవిలో మొదలైన ఒండెకోజా అనే తైకో బృందం కుర్రాళ్లయితే 1975లో బోస్టన్ మారథాన్ పరుగెత్తి, ఆ ఆయాసంతోనే కర్రలు అందుకున్నారు. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? ఇంత కొత్తగా, ఇంత తెగింపుతో పుట్టిన కళకు దొంగ వయసు అంటగట్టడమే అవమానం.

డ్రమ్ము పాతదే కదా అంటారు. నిజమే, గుళ్లలో, జాతరల్లో, నో, కబుకి నాటకాల్లో శతాబ్దాలుగా మోగుతోంది. ఇటుక పాతదైతే ఇల్లు కూడా పాతదవుతుందా?

నిజంగా పాతది ఇంకొకటుంది, దాని ఊసే ఎవరూ ఎత్తరు. నగాడో-దైకో అంటే కెయాకి చెట్టు దుంగను తొలిచి, ఆవుతోలు లాగి బిగించి, అంచు చుట్టూ మేకులు దిగ్గొట్టడం. ఆ తోలుపని చేసింది ఎక్కువగా బురాకు జనం. చచ్చిన పశువును ముట్టుకుంటారని ఊరి బయటికి నెట్టేసిన మనుషులు. 1871లో ప్రభుత్వ ఉత్తర్వు ఆ హోదాను రద్దు చేసింది. పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగాల దగ్గర ఆరాలు మాత్రం ఆగలేదు. డప్పు ఎవరిదో, పెళ్లి పందిట్లో దాని చోటు ఎక్కడో ఎరిగిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒసాకాలోని నానివా వాడ తరతరాలుగా డ్రమ్ములు చేసి ఇచ్చింది. వాయించి చప్పట్లు కొట్టించుకున్నది వేరేవాళ్లు. 1987లో ఆ వాడ యువత తామే కర్రలు పట్టి ఒక బృందం కట్టింది. దాని పేరు ‘ఇకారి’. అంటే కోపం.

ఓదైకో దుంగ ఏ చెట్టుదో, ఆ చెట్టు ఎన్ని వందల ఏళ్లదో గొప్పగా చెబుతారు. తోలు ఎవరి చేతి పనో చెప్పగా నేనింతవరకు వినలేదు.